కుట్టు విప్పని బస్తా

"మరియమ్మా, వేములపల్లి కాడ ఉన్న. గీడ ఇంకో ఇల్లు చూసుకొని గంటల మీ ఇంటికొస్త. యాడికి పోకు" అని ప్రొబేషన్ ఆఫీసరు ధర్మేందర్ సారు ఫోన్ పెట్టేశాడు. ఎక్కడికి పోతుంది? పోవడానికి లేకనే గదా ఈ తిప్పలన్నీ. ఊరు దాటి పనికి పోవాలంటే ఆయన కాగితం రాసివ్వాలి, ఆయన కాగితం వచ్చేలోపు నాట్లు అయిపోతాయి, మిరపకాయ ఏరుడు అయిపోతుంది, కాగితం మాత్రం ఇంకా ఆఫీసులో ఏ బల్ల మీదో పడుకునే ఉంటుంది. మరియమ్మ ఫోన్‌ను కొంగున ముడేసుకుని గుమ్మానికి ఎదురుగా గోడకు వీపానించి కూర్చుంది. పక్కనే, భుజానికి తగులుతూ, బియ్యం బస్తా. ఇద్దరు ఆడవాళ్లు సారు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నట్టుంది. యాభై కిలోల తెల్ల బస్తా, మూతికి ఎర్రదారంతో మిషన్ కుట్టు. అది ఆమెది కాదు. పక్కింటి సంతోషి ఇంటిది. సంతోషిది కూడా కాదు, సంతోషి మొగుడు కాశీరాంది. ఊళ్లో తినని వాళ్ల దగ్గర రేషన్ బియ్యం కొని, బస్తాలకెత్తి, సూర్యాపేట బేరగాడికి అమ్ముతాడు. సన్నబియ్యం ఇవ్వడం మొదలయ్యాక ఆ బేరం తగ్గింది గానీ చావలేదు. అది కేసయ్యే పనని ఊరందరికీ తెలుసు. పొద్దున కాశీరాం సూర్యాపేట బస్సెక్కగానే సంతోషి వచ్చి, "అక్కా, జెల్ది రా, చెరో దిక్కు పడదాం" అంది. చెరో మూల పట్టుకుని గోడవారగా ఈడ్చుకొచ్చి పెట్టారు. "సారు పోంగనే మల్ల ఆడ పెట్టేద్దాం. ఆయన సాయంత్రం దాంక రాడు. ఇంట్ల బస్తా కనవడితే ఆఫీసర్లు ఇగ ఏం మాట్లాడరు. గంతే. కుట్టు మాత్రం ముట్టకక్కా, ఆయన సంగతి నీకెర్కనే గదా" అంది. ఎరుకే. పోయిన వానాకాలం రెండు కిలోలు తక్కువొచ్చాయని సంతోషి చెవికమ్మ ఊడిందాకా కొట్టాడు. చెవి ఇప్పటికీ చీలే ఉంది.

ముట్టను, ముట్టను అని అప్పుడే నాలుగుసార్లు చెప్పుకుంది. అన్నిసార్లు ఎందుకు చెప్పుకోవాలో మరి. నిన్న రాత్రి సంతోషి పోసిన గ్లాసుడు గంజి సౌమ్యకు పట్టించింది, గ్లాసులో నీళ్లు పోసి తొలిచి తను తాగింది. సౌమ్య మనవరాలు, ఏడేళ్లది. బడి ఉన్నన్నాళ్లూ బాధ లేదు, మధ్యాహ్నం బడిలో కడుపునిండా పెట్టేవాళ్లు, గుడ్డు పెట్టిన రోజు అది ఇంటికొచ్చి ఆ గుడ్డు సంగతే చెప్పేది. ఏప్రిల్ ఆఖర్లో బడి మూసేశారు. పిల్లలందరూ సెలవులని ఎగిరారు. ఇది మాత్రం మాష్టారి దగ్గరికెళ్లి బడి మల్ల ఎప్పుడు తెరుస్తరు సారూ అని అడిగిందట. చదువు మీద ఇంత ఇష్టమున్న పిల్లను నేను చూడలేదమ్మా అని ఆయన మరియమ్మకు చెప్పి మురిసిపోయాడు. మరియమ్మ కూడా అవును సారూ అని నవ్వింది. ఏం చెప్తుంది? కడుపు సంగతి కడుపుకే తెలియాలి. ఇప్పుడది ఎక్కడుందో. చర్చి వెనక చింతచెట్టు కింద గింజలు ఏరుకుంటూ ఉంటుంది, వేయించి పెట్టమని తెస్తుంది, అవి నమిలీ నమిలీ దవడలు నొప్పి పుట్టి నిద్రపోతుంది. నిద్ర మంచిదే. నిద్రపోయిన పిల్ల ఏమీ అడగదు.

బస్తాలోంచి వాసన వస్తోంది. బియ్యానికి వాసనేమిటని కడుపు నిండినవాళ్లు అంటారు. ఉంటుంది. కొత్త బియ్యానికి తవుడు కలిసిన తియ్యటి వాసన, పాతవాటికి గోడ సున్నం లాంటి వాసన, పురుగు పట్టినవాటికి పుల్లటి వాసన. ఇవి ఆరునెలలవి. చూడకుండానే చెప్పగలదు, మిర్యాలగూడ మిల్లులో పంతొమ్మిదేళ్లు ఊడ్చిన ముక్కు అది. తెల్లారకముందే షేర్ ఆటోలో పోవడం, తలకు గుడ్డ, ముక్కుకు గుడ్డ, దుమ్ములో కళ్లు మాత్రం పెట్టుకుని చీపురు తిప్పడం, మిషన్ల కింద, కాంటా కింద, లారీ మూతి దగ్గర. లారీకెక్కేటప్పుడు బస్తా పిగిలి కారిన గింజలు, హమాలీల కాళ్ల కింద పడినవి, మట్టీ మేకు ముక్కలూ కలిసినవి. వాటిని పరిగె అనేవాళ్లు. పొలంలో కోత కోశాక కింద రాలిన కంకులు ఏరుకునేవాళ్లవి, అది పరిగె, ఆ హక్కు ఆసామి కూడా కాదనడు. ఆమె తల్లి పరిగె ఏరింది, తల్లి తల్లి ఏరింది. హార్వెస్టర్లు దిగాక పొలాల్లో పరిగె లేదు, ఆ మిషన్ తిన్నది తిని ఊసింది ఊస్తుంది. పొలంలో పోయిన పరిగె మిల్లులో దొరికిందని ఆడవాళ్లు అనుకునేవాళ్లు. పెద్దసేటు ఉన్నన్నాళ్లూ సాయంత్రం గేటు దగ్గర మూటలు ఎత్తి చూపించి పోయేవాళ్లు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "రాళ్లు సూసి ఏరుకోండ్రి, పండ్లు ఇరుగుతయ్" అనేవాడు. ఒక్క ముక్క రాతలో లేదు. ఇంత దూరం వస్తుందని ఎవరనుకున్నారు?

ఆయన పోయాక కొడుకు మధు వచ్చాడు. కెమెరాలు పెట్టించాడు. మూటలు తీసుకుపోవద్దని సూపర్‌వైజర్‌తో చెప్పించానన్నాడు తర్వాత. చెప్పాడేమో, మిషన్ల మోతలో ఎవరికి వినబడింది. తక్కిన ఆడవాళ్లు తెలివైనవాళ్లు, ఆ వారం నడుముకు చుట్టుకుని, లంగాల్లో పోసుకుని దాచి పట్టుకుపోయారు. మరియమ్మ ఒక్కతే మూట నెత్తిన పెట్టుకుని, ఎప్పటిలాగే గేటు దగ్గర ఆగి, ఎత్తి చూపించింది. పరిగెను దాచుకోవడమేమిటి, అదేమన్నా దొంగసొత్తా? పదకొండు కిలోల చిల్లర గింజలు. దాచినవాళ్లు ఇళ్లకు పోయి వండుకున్నారు, చూపించినామె స్టేషన్‌కు పోయింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మధు మీద కాదు, తన మీద. కోర్టులో వకీలు చెవిలో చెప్పాడు, ఒప్పుకో, మొదటి తప్పని ప్రొబేషన్ మీద వదిలేస్తారు, లేకుంటే ఏళ్లు తిరగాలి. తీసుకున్నవా అని అడిగారు. తీసుకున్న అంది. అబద్ధమా, కాదు. కింద పడ్డయి సారూ అని కూడా అంది, అది ఎవరూ రాసుకోలేదు. రెండేళ్ల బాండు. జైలుకు పంపరు గానీ నెల నెలా ఒకటో తేదీన ఆఫీసులో కనపడాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు, సారు ఇంటికొచ్చి చూస్తాడు, మంచిగా బతుకుతోందో లేదో రాస్తాడు. బాగా లేదని రాస్తే మళ్లీ కోర్టు, ఆ తర్వాత జైలే.

జైలు. బెయిలు రాకముందు ఇరవై మూడు రోజులుంది. సిగ్గుచేటైన సంగతేమిటంటే అక్కడ ఒళ్లు చేసింది. పొద్దున ఉప్మా, పదిన్నరకల్లా అన్నం, సాయంత్రం ఎండ ఉండగానే మళ్లీ అన్నం. ప్రతి ముద్దకూ సౌమ్య ఏం తింటోందో అని ఏడ్చేది, ఏడుస్తూనే మారు పెట్టించుకునేది. ఆకలి రుచెరగదు అంటారు, సిగ్గు కూడా ఎరగదు. బయటికొచ్చి చూస్తే రేషన్ కార్డులో పేరు పోయింది. వేలిముద్ర వేసి పేరు నిలుపుకోవాల్సిన రోజుల్లో ఆ వేలు జైల్లో ఉంది మరి. సౌమ్య పేరు కోదాడలో దాని తల్లి కార్డులో ఉంది. ఆ తల్లి, మరియమ్మ కూతురు రాణి, రెండో పెళ్లి చేసుకుంది, కోదాడలో హోటల్లో గిన్నెలు తోముతుంది, వాళ్ల రేషన్ వాళ్లకే చాలదు. ఆ అల్లుడు ఆంధ్రా మర్యాదల మనిషి. "మీరు ఏమనుకోవద్దండి అత్తగారూ, పిల్లని ఇక్కడ ఉంచుకోవటం మాకు కుదరదండి" అని ఫోన్లో అన్ని అండీలు పెట్టి చెప్పాడు. తిట్టినా ఇంత బాధ ఉండదు. మీ సేవలో దరఖాస్తు పెట్టి ఐదు నెలలైంది. చుట్టుపక్కల ఏ మిల్లుకు పోయినా ఆమె ఫోటో సూపర్‌వైజర్ల ఫోన్లలో ముందే ఉంది. ఉపాధి పనికి పోతోంది, మట్టి తవ్వుతోంది, ఆ డబ్బులు ఎప్పుడు పడతాయో దేవుడికే ఎరుక.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పదకొండున్నర దాటి ఉంటుంది. ఎక్కడిదాకా వచ్చాడో. పోయిన ఒకటో తేదీన ఆఫీసులో సంతకం పెట్టించుకుంటూ ధర్మేందర్ సారు తలెత్తి అడిగాడు, "ఇంట్ల తినడానికి ఉంటున్నదా? ఏం తింటున్నరు?" అని. గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనానికే భయమేసింది. పోలీసులు కూడా మొదట అలాగే అడిగారు, ఇంట్ల ఎంతమంది, ఏం తింటరు, ఎట్ల సరిపోతదని. సరిపోదంటే, అందుకే దొంగతనం చేసినవన్నమాట అని రాసుకున్నారు. ఆమె ఆ రోజు, "ఉన్నది సారూ, బానే ఉన్నది" అంది. బయట వరండాలో మోతె లింగస్వామి ఉన్నాడు, మేకల కేసులో బాండు మీద ఉన్నవాడు. అతను బీడీ ఆర్పి, "మంచిగ చెప్పినవక్కా. నేను ఉన్నదున్నట్టు చెప్పిన, రెండు పూటలైంది తినక అని. బతుకుతెరువు లేదు, మల్ల దొంగతనానికి పోతడని రాసిండ్రంట. కోర్టు నుంచి పిలుపొచ్చింది" అన్నాడు. అది నిజమో, లింగస్వామి వేరే ఏమైనా చేశాడో, మరియమ్మ ఆలోచించలేదు. ఆకలి ఉందంటే దొంగ, లేదంటే మంచిమనిషి అన్నంతవరకు ఆమెకు బోధపడింది. నిన్న సారు ఫోన్ చేసి రేపొస్త అన్నప్పటి నుంచి ఇల్లంతా తిరిగి చూసుకుంది. డబ్బా ఖాళీ, కుండ ఖాళీ, ఉప్పు ఉంది, కారం ఉంది, పిడికెడు చింతపండు. ఈ ఇంట్లోకి ఏ సారు అడుగుపెట్టినా బాగుందని ఎలా రాస్తాడు? తను జైలుకు పోతే పోయె, మూడు పూటలా తింటుంది. పిల్ల? పిల్ల ఏ వాకిట్లో నిలబడుతుంది, సంతోషి ఎన్ని రోజులు గంజి పోస్తుంది, మొగుడికి తెలియకుండా?

బస్తా మీద చెయ్యి ఎప్పుడు పడిందో. వేళ్లు కుట్టు మీద నడుస్తున్నాయి. ఈ గొలుసుకుట్టుకు ఒక చివర ముడి ఉంటుంది. ఆ ముడి తెంపి సరైన దారం పట్టుకుని లాగితే చాలు, ఈ కొస నుంచి ఆ కొసకు జర్రున ఊడిపోతుంది. తప్పు దారం లాగితే బిగుసుకుంటుంది. ఏది సరైనదో ఆమె వేళ్లకు తెలుసు. కుట్టు ఊడనక్కర్లేదు కూడా, మూల దగ్గర పుల్లతో నేత జరిపితే గుప్పెడు జారుతుంది, మళ్లీ సర్దేస్తే కనపడదు, మిల్లులో హమాలీలు చేసేవాళ్లు. గుప్పెడంటే పిల్లకు ఒక పూట గంజి. గుప్పెడు తగ్గితే కాశీరాం కాంటా పట్టుకుంటుందా? పట్టుకుంటే? సంతోషికి రెండో చెవి కూడా ఉంది. మరియమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఇంకో చెయ్యి పెట్టింది. కేసైన నాటి నుంచి వాడకట్టులో తన వాకిలి తొక్కింది సంతోషి ఒక్కతే. చర్చిలో పక్కన కూర్చునే ఆడవాళ్లు కూడా సంచులు దగ్గరికి లాక్కున్నారు. సంతోషి ఒక్కతే, "పదకొండు కిలోలకు గింత కథనా, మా ఆయన నెలకు పది క్వింటాళ్లు నడుపుతడు" అని నవ్వింది. ఆ నవ్వుకు మరియమ్మ నెలల తర్వాత నవ్వింది. అలాంటిదానికి ద్రోహం ఎలా చేస్తుంది?

సౌమ్య వచ్చింది. చేతిలో చింతగింజల్లేవు, ఎవరో ముందే ఏరుకుపోయారట. గుమ్మంలో ఆగి బస్తా చూసింది. చూసి, ఏమీ అడగకుండా దాని దగ్గరికొచ్చి, రెండు చేతులూ చాపి బస్తాను కౌగలించుకుని చెంప ఆనించింది.

"ఇది మనదేనా అమ్మమ్మా?"

"కాదు బిడ్డా. ముట్టకు. సారు వచ్చినప్పుడు మాత్రం మాట్లాడకు, మంచిగ కూసో."

పిల్ల ముట్టకు అన్నా వదల్లేదు, అలాగే చెంప ఆనించి కళ్లు మూసుకుంది. మరియమ్మకు దాన్ని లాగెయ్యాలనిపించింది, లాగడానికి చెయ్యి రాలేదు. అన్నాన్ని నీకు చూపించి నీకు కాదంటున్నాను గదే అనుకుని, కంట్లో నీళ్లు తిరిగితే గుమ్మం వైపు మొహం తిప్పుకుంది. ఏడ్చిన కళ్లతో సారుకు కనపడకూడదు. మంచిగా బతుకుతున్నవాళ్లు పట్టపగలు ఎందుకు ఏడుస్తారు?

బండి చప్పుడైంది. ధర్మేందర్ సారు హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, వంగి లోపలికొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, చంకలో ఫైలు. ప్లాస్టిక్ కుర్చీ వేసింది, కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. నీళ్లు తాగుతూనే ఆయన కళ్లు బస్తా మీద ఆగాయి.

"బియ్యమెక్కడియమ్మా?"

"నాయే సారూ. బిడ్డ కోదాడకెల్లి పంపింది."

"మంచిది" అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. ఆయన చూపు బస్తా మీంచి పొయ్యి మీదికి పోయింది, పొయ్యిలో నిన్నటిది కాదు, మొన్నటి బూడిద. పొయ్యి మీంచి సౌమ్య మీదికి వచ్చింది. దాని పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. "పాప తిన్నదా?" అని అడిగాడు. మరియమ్మ తిన్నది అనే లోపలే పిల్ల తల అడ్డంగా ఊపింది. మాట్లాడకు అంది గానీ తల ఊపకు అనలేదు గదా.

సారు ఫైలు ఒళ్లో పెట్టుకుని ఆమె కేసి చూశాడు. ఆ చూపులో అనుమానముందో జాలి ఉందో తెలియలేదు. "బస్తా బియ్యం ఇంట్ల పెట్టుకొని పిల్లను పస్తు పెట్టినవేందమ్మా? కుట్టు కూడ ఇప్పలే. నీయేనా అవి?"

"నాయే సారూ. సాయంత్రం వండుత."

"ఇప్పుడే వండు. నాకేం తొందర లేదు. పాప తిన్నంక పోత."

మరియమ్మ గుమ్మంలోంచి సంతోషి వాకిలి వైపు చూసింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. నాయి కావు సారూ అందామా? మరెవరివి అంటాడు. సంతోషివంటే కాశీరాం మీద కేసు, ఆ తర్వాత సంతోషి ఒంటి మీద తోలు మిగలదు. ఎవరివో చెప్పనంటే, మిల్లు దొంగ ఇంట్లో ఎవరివో తెలియని యాభై కిలోల బియ్యం. రాసేది ఇంకేముంది? సారు పెన్ను మూత తీశాడు. సౌమ్య బస్తాను ఇంకా పట్టుకునే ఉంది. మరియమ్మ లేచి, పిల్లను మెల్లగా పక్కకు జరిపి, బస్తా మూతి దగ్గర కూర్చుంది. ముడి పంటితో కొరికింది. దారం లాగింది. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క లాగులో ఊడిపోయింది. చెయ్యి లోపలికి పెట్టింది, మోచేతి దాకా చల్లగా ఉంది.

పుల్లలు పేర్చి పొయ్యి రాజేసింది. సోలెడు కడిగి పోసింది. అది ఉడికేంతసేపూ సారు ఫైల్లో రాసుకుంటూ కూర్చున్నాడు. సౌమ్య పొయ్యి దగ్గరే గొంతుక్కూర్చుని, మూత లేస్తుంటే లోపలికి చూస్తోంది. గంజి వార్చి, కంచంలో అన్నం పెట్టి, ఉప్పూ కారం చల్లి ఇచ్చేసరికి పిల్ల వేళ్లు కాలుతున్నా ఆగలేదు. సారు దాన్ని కాసేపు చూసి, తృప్తిగా ఫైలు మూశాడు.

"ఇగ పరేషాన్ లేదు. నడవడిక మంచిగున్నది, తిండికి లోటు లేదని రాసిన. ఏం లేదమ్మా, బాండు మీద ఉన్నోళ్లల్ల తిండికి తక్లీబయితున్నోళ్ల పేర్లు పంపమన్నరు పైనుంచి, బియ్యం ఇప్పిద్దామని. పోయినసారి అందుకే అడిగిన. నీ పేరు రాద్దామనే వచ్చిన ఇయ్యాల. నీకు అక్కర లేదు గద."

మరియమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి, "లేదు సారూ" అని వచ్చింది. ఆయన సౌమ్య తల నిమిరి, ఒకటో తేదీన రమ్మని చెప్పి, బండెక్కి పోయాడు.

కోర్టు ఆమెను దొంగ అన్నప్పుడు ఆమె దొంగ కాదు. అది ఆమెకూ, దేవుడికీ, పోయిన పెద్దసేటుకూ తెలుసు. ఇన్నాళ్లూ ఆ ఒక్కటీ పట్టుకునే తలెత్తుకు తిరిగింది, రాత్రిళ్లు ఖాళీ కడుపుతో పడుకున్నా అది పక్కన ఉండేది. ఇప్పుడు పట్టపగలు, పెన్ను పట్టుకున్న ఆఫీసరు ఎదురుగా, తనను నమ్మిన మనిషి బియ్యం బస్తా విప్పింది. ఆయన మంచి నడవడిక అని రాసుకుపోయాడు. పిల్ల కంచం ముందుకు తోసింది. ఇంకొంచెం పెట్టింది. కుండలో అడుగున మిగిలింది తన కంచంలోకి గీకి పెట్టుకుంది. మొదటి ముద్ద దగ్గర ఏడుపొచ్చింది. రెండో ముద్దకు రాలేదు. మూడో ముద్ద తర్వాత చెయ్యి గబగబా నడిచింది, కారం అయిపోతే ఉత్త అన్నమే తింది.

బయట అడుగుల చప్పుడైంది. గోడవారగా వస్తున్న సంతోషి గొంతు, నవ్వుతున్నట్టే ఉంది.

"అక్కా, పోయిండా సారు? మా ఆయన ఫోన్ చేసిండు, బేరగాడు ఆటో తోలుకొని ఇప్పుడే వస్తున్నడంట. జర లేసి ఓ దిక్కు పట్టు."